కుర్రాళ్లని ఇచ్చి వయసు మళ్లిన స్టార్‌ని తెచ్చుకుంటే గిట్టుబాటు అవుతుందా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎదుగుతున్న కుర్రాళ్లని, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్‌లని (ఏటా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు, ఎక్కువ ఓడిన జట్లకి ముందు వంతులు దక్కుతాయి) ఇచ్చేసి ముప్పై దాటిన పెద్ద స్టార్‌ని తెచ్చుకుంటే నిజంగా లాభం ఉంటుందా అని అడిగారు. ఈ విషయంలో నాకు రెండు చోట్ల చేతులు కాలాయి. ఒకటి అభిమానిగా, రెండోది మా ఆఫీసు ఫాంటసీ లీగ్‌లో (నిజం ఆటగాళ్లతో కాగితం మీద జట్లు కట్టుకుని ఆడే ఆట). రెండూ చెప్తాను.

2013లో నేను జెర్సీ సిటీలో ఉండేవాణ్ణి. నెట్స్ జట్టు అంతకుముందు ఏడాదే న్యూజెర్సీ వదిలి బ్రూక్లిన్ వెళ్లింది. అయినా నాకు సొంత జట్టు అదే. జూన్ 27న డ్రాఫ్ట్ కూడా వాళ్ల బార్క్లేస్ సెంటర్‌లోనే జరిగింది. ఆ రాత్రి వార్త వచ్చింది: బోస్టన్ నుంచి కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్, జేసన్ టెర్రీ వస్తున్నారు. గార్నెట్‌కి 37, మిగతా ఇద్దరికీ 35. మా రూమ్‌లో అందరం ఎగిరి గంతేశాం. డెరన్ విలియమ్స్, జో జాన్సన్, బ్రూక్ లోపెజ్ పక్కన వీళ్లు కూడా ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాం. బదులుగా ఏమిచ్చారన్నది ఎవరూ సరిగ్గా చదవలేదు. జెరాల్డ్ వాలెస్, క్రిస్ హంఫ్రీస్ లాంటి ఆటగాళ్లు, వాళ్లతో పాటు 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2017లో బోస్టన్ కావాలంటే తన పిక్‌ని నెట్స్ పిక్‌తో మార్చుకునే హక్కు. "పిక్‌లదేముంది, మనం ఎలాగూ గెలుస్తాం, చివర్లో వచ్చే పిక్‌లేగా" అన్నాను నేను. నెట్స్ యాజమాన్యం లెక్క కూడా అచ్చం అదే అయి ఉంటుంది.

ఆ పిక్‌లు 14, 16, 18 అని ఒక్కో ఏడాది వదిలి ఎందుకున్నాయో తర్వాత తెలిసింది. రాబోయే ఏళ్లలో వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా ఏ జట్టూ ఉండకూడదని లీగ్‌లో ఒక రూల్ ఉంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ ఉన్న పిక్‌లన్నీ ఎడాపెడా అమ్మేస్తుంటే తెచ్చిన రూల్ అది, ఆయన పేరుతోనే పిలుస్తారు. మధ్య ఏడాది పిక్‌ని అమ్మడానికి లేదు కాబట్టి "మార్చుకుందాం" అని రాసుకుంటారు. చట్టానికి చట్టం, సందుకి సందు.

ఆ సీజన్‌లో రెండు మూడు ఆటలకి వెళ్లాను. పై వరసలో, బొమ్మల్లా కనిపించే సీట్లు. అంత దూరం నుంచి కూడా గార్నెట్ గొంతు ఊహించుకోవచ్చు. డిఫెన్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో చేతులూపుతూ అరుస్తూనే ఉండేవాడు. నోరు పరిగెడుతోంది, కాళ్లు రావట్లేదు. ఆటకి సగటున 6.5 పాయింట్లు, అంతే. డిసెంబర్‌లో లోపెజ్ పాదం విరిగింది. ఆ నెలాఖరుకి జట్టు 10 గెలిచి 21 ఓడింది. జనవరి నుంచి కుదురుకుని 44-38తో ముగించింది, అది వేరే సంగతి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ ఏడాది మాకు ఒక ఆదివారం దక్కింది. మే 4న టొరంటోలో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్‌లో, తేల్చేసే ఏడో ఆట. ఆఖరి క్షణంలో టొరంటో ఆటగాడు కైల్ లౌరీ వేసిన షాట్‌ని పియర్స్ చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. 104-103. సోఫా మీద కాఫీ ఒలికిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి రౌండ్‌లో లెబ్రాన్ ఉన్న మయామీ 4-1తో ఇంటికి పంపింది. ఆ వేసవిలో పియర్స్ వాషింగ్టన్ వెళ్లిపోయాడు. 2015 ఫిబ్రవరిలో గార్నెట్‌ని మిన్నెసోటాకి ఇచ్చేశారు. ఆ ఒక్క సీజన్‌కి లగ్జరీ టాక్స్ (జీతాల ఖర్చు పరిమితి దాటితే లీగ్‌కి కట్టే జరిమానా) కిందే ఓనర్ దాదాపు 9 కోట్ల డాలర్లు కట్టాడు. ఆయన డబ్బు ఆయనిష్టం అనుకోండి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 2015-16లో నెట్స్ 21 ఆటలు గెలిచింది, మరుసటి ఏడాది 20. మామూలుగా అంత ఘోరంగా ఓడితే మంచి పిక్ వచ్చి ఊరట దొరుకుతుంది. మాకు ఆ ఊరట కూడా లేదు, ఎందుకంటే మేం ఓడిన ప్రతి ఆటా బోస్టన్ ఖాతాలో పడుతోంది. 2016లో మా పిక్ మూడోది అయింది, దాంతో వాళ్లు జేలెన్ బ్రౌన్‌ని తీసుకున్నారు. 2017లో మాది ఏకంగా మొదటి పిక్. దాన్ని వాళ్లు ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో స్థానానికి దిగి, పైన ఇంకో పిక్ కూడా పుచ్చుకుని జేసన్ టేటమ్‌ని తెచ్చుకున్నారు. 2024లో ఆ ఇద్దరితోనే బోస్టన్ ఛాంపియన్ అయింది, ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) బ్రౌన్. మేం గంతులేసిన 2013 రాత్రికి బ్రౌన్‌కి 16 ఏళ్లు, టేటమ్‌కి 15. ఇద్దరూ స్కూల్లో ఉన్నారు.

అంటే నెట్స్ ఇచ్చింది తన దగ్గరున్న కుర్రాళ్లని కాదు, ఇంకా రాని కుర్రాళ్లని. నా అభిప్రాయంలో మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. చేతిలో ఉన్న కుర్రాణ్ణి ఇస్తే నష్టం ఎంతో కొంత తెలుస్తుంది. సొంత పిక్‌ని ఏ షరతూ లేకుండా ఇస్తే, తెచ్చుకున్న స్టార్ కుప్పకూలిన రోజే మీరిచ్చిన పిక్ విలువ ఆకాశానికి వెళ్తుంది. రెండు నష్టాలూ జంటగా వస్తాయి. మా తాత భాషలో చెప్పాలంటే పంట అమ్ముకోవడం వేరు, విత్తనాల గింజలు వండుకు తినడం వేరు.

అదే గార్నెట్ 2007లో మిన్నెసోటా నుంచి బోస్టన్ వచ్చినప్పుడు కథ పూర్తిగా వేరు. అప్పుడతనికి 31. ఆల్ జెఫర్సన్‌తో సహా అయిదుగురు ఆటగాళ్లని, పిక్‌లని ఇచ్చారు. అంతకుముందే రే అలెన్ కోసం అయిదో పిక్‌ని ఇచ్చేశారు. కానీ పియర్స్ వాళ్ల దగ్గరే ఉన్నాడు, 21 ఏళ్ల రాజాన్ రాండోని మాత్రం ఇవ్వలేదు. 24-58 జట్టు ఒక్క ఏడాదిలో 66-16 అయి ఛాంపియన్‌షిప్ గెలిచింది. 2010లో మళ్లీ ఫైనల్స్ ఏడో ఆట దాకా వెళ్లింది. జెఫర్సన్ మంచి ఆటగాడే అయ్యాడు, ఆల్ స్టార్ (ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే ఆటకి ఎంపిక) మాత్రం ఎప్పుడూ కాలేదు. కుర్రాణ్ణి ఇచ్చినవాడే నష్టపోతాడని లేదన్నమాట.

డాలస్ కథ నాకు ఇంకా ఇష్టం. 2008 ఫిబ్రవరిలో 34 ఏళ్ల జేసన్ కిడ్ కోసం 24 ఏళ్ల డెవిన్ హారిస్‌ని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని (ఇచ్చింది మా నెట్స్‌కే) ఇచ్చారు. మరుసటి ఏడాది హారిస్ ఆల్ స్టార్ అయ్యాడు, అందరూ డాలస్‌ని చూసి నవ్వారు. 2011లో 38 ఏళ్ల కిడ్ ఆ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు. గెంతులతో బతికే ఆటగాడికి కాళ్లు పోతే ఏమీ మిగలదు. పాస్‌తో బతికేవాడికి ఇంకొన్నేళ్లు ఉంటుంది, పైగా కిడ్ పెద్దయ్యాక మూడు పాయింట్ల షాట్ కూడా నేర్చుకున్నాడు. కాబట్టి వయసు ఎంత అని అడిగేముందు ఆ మనిషి దేనిమీద ఆధారపడి ఆడతాడో చూడాలి.

ఇన్ని చూశాక కూడా 2023 ఫిబ్రవరిలో ఫీనిక్స్ అదే పని చేసింది. 34 ఏళ్ల కెవిన్ డ్యురాంట్ కోసం మికాల్ బ్రిడ్జెస్, కామ్ జాన్సన్, పైన నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు. ఈసారి తీసుకున్నది బ్రూక్లిన్, పాఠం బాగానే వంటబట్టింది. డ్యురాంట్ తప్పేం లేదు, బ్రహ్మాండంగా ఆడాడు. కానీ ఇద్దరు ముగ్గురి జీతాలకే డబ్బంతా పోతే మిగతా జట్టుని దేంతో కడతారు? డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడైతే మొదటి నాలుగేళ్లు లీగ్ పెట్టిన జీతాల స్కేలు ప్రకారం తక్కువ జీతానికి ఆడతాడు, ఆ కుర్రాళ్లేమో లేరు. 2024లో మొదటి రౌండ్‌లోనే 4-0తో ఓడింది, 2025లో అసలు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. చివరికి డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి ఇస్తే వచ్చిన వాటిలో పదో పిక్ ఒకటి. అది ఎవరిదనుకున్నారు? బ్రూక్లిన్ మీదుగా హ్యూస్టన్ చేరిన ఫీనిక్స్ సొంత పిక్కే!

ఇక నా సొంత ఘనకార్యం. మా ఆఫీసులో పదిమందిమి కీపర్ లీగ్ ఆడేవాళ్లం, అంటే సీజన్ అయిపోయినా నచ్చిన ఆటగాళ్లని మన దగ్గరే ఉంచుకోవచ్చు. 2014లో నా జట్టులో పందొమ్మిదేళ్ల గ్రీకు కుర్రాడు ఒకడు ఉండేవాడు. నేను గంతులేసిన ఆ డ్రాఫ్ట్ రాత్రే పదిహేనో పిక్‌గా వచ్చాడు. పేరు పలకడానికి నోరు తిరిగేది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, రోజూ చూస్తుంటే పొడుగే తప్ప ఆట కనిపించలేదు. సీజన్ మొదలయ్యే ముందు మా గుంటూరు ఫ్రెండ్ వచ్చి, "బావా, ఆ పొడుగోణ్ణి నాకిచ్చెయ్, కోబీని తీసుకో" అన్నాడు. కోబీ బ్రయంట్! చిన్నప్పుడు నా పుస్తకాల అట్టల మీద ఉన్న మనిషి. రెండో మాట మాట్లాడకుండా ఒప్పుకున్నాను. అప్పటికి కోబీకి 36, అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగి, మోకాలు దెబ్బతిని తిరిగొచ్చాడు. ఆ సీజన్‌లో 35 ఆటలు ఆడాడు, జనవరిలో భుజం పోయింది.

ఆ గ్రీకు కుర్రాడు యానిస్ అంటెటోకుంపో. 2019లో, 2020లో ఎంవీపీ. 2021లో ఫైనల్స్ చివరి ఆటలో 50 పాయింట్లు కొట్టిన రాత్రి ఫోన్ మోగింది. ఎత్తేసరికి అవతల నవ్వు తప్ప మాట లేదు. కాసేపటికి, "బావా, కోబీ ఎలా ఉన్నాడు?" అనబోయి, ఆయన పోయి ఏడాదిన్నర అయిందని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, "అయినా నీ ప్లేస్‌లో ఉంటే నేనూ కోబీనే తీసుకునేవాణ్ణిలే" అని.