లైపోజోమ్‌ల మీద పనిచేస్తానంటోంది, ఎంఫార్మసీకి పంపించాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. చాలా ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి బీఫార్మసీ మూడో ఏడాది చదువుతోంది. లైపోజోమ్‌ల మీద పనిచేయాలట, అందుకు ఎంఫార్మసీ చేస్తానని పట్టుబడుతోంది. చదువు అవ్వగానే షాపు తనకు అప్పజెబుదామని నా ఆలోచన. ఇందులో ఉద్యోగాలు ఉంటాయా, లేక పేపర్లు రాసుకునేవాళ్ల సబ్జెక్టేనా?

జవాబు: ఈ సబ్జెక్టు మీకు బొత్తిగా కొత్తదేమీ కాదండీ. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం చీటీలు పట్టుకుని షాపుల చుట్టూ తిరిగిన ఇంజెక్షన్ గుర్తుందా? లైపోజోమల్ ఆంఫోటెరిసిన్-బి. దొరక్కపోయేసరికి కేంద్రమే రాష్ట్రాలకు వాటాలు వేసి వయల్స్ పంచింది. మామూలు ఆంఫోటెరిసిన్ ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. కానీ అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. అదే మందును సన్నటి కొవ్వు గోళాల్లో పెట్టి ఎక్కిస్తే కిడ్నీలకు ఆ ముప్పు తగ్గుతుంది, డోసు పెంచడానికీ వీలుంటుంది. బిహార్‌లో కాలా అజార్ అనే జ్వరపు జబ్బు వచ్చిన రోగులకు ఒకే ఒక్క డోసుతో వైద్యం చేయగలుగుతున్నది ఈ మందుతోనే. మీ అమ్మాయి చెబుతున్న లైపోజోములు ఆ గోళాలే.

1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగ్‌హామ్ అనే శాస్త్రవేత్త వీటిని గమనించారు. వీటి గోడ ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థంతో ఏర్పడుతుంది. ఆ అణువుకు తల నీటిని కోరుకుంటుంది, తోకలు నీటికి దూరంగా పోతాయి. నీళ్లలో వేస్తే తోకలన్నీ ఒకదానికొకటి ఎదురుగా సర్దుకుని రెండు వరుసల పొర అవుతుంది, ఆ పొర గుండ్రంగా మూసుకుంటుంది. మన కణాల చుట్టూ ఉండే పొర కూడా ఈ తరహాదే. నీటిలో కరిగే మందు గోళం లోపల, కొవ్వులో కరిగే మందు పొరలో ఉంటుంది. అయితే ఆ గోళం మార్కెట్‌లోకి మందుగా రావడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది. అమెరికాలో డాక్సిల్‌కు 1995లో అనుమతి వచ్చింది. అందులో ఉన్నది డాక్సోరుబిసిన్, గుండెను పాడుచేస్తుందని పేరుపడ్డ క్యాన్సర్ మందు. సుమారు 100 నానోమీటర్ల గోళంలో ఉంటే ఆరోగ్యంగా ఉన్న రక్తనాళాల గోడలు దాటి అంత తేలిగ్గా బయటికి రాదు. గుండెకు ఆ మేరకు రక్షణ. అలాగని దుష్ఫలితాలే లేవనుకోకండి, దీంతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంట పుట్టడం మామూలే.

ఇక ఉద్యోగాల సంగతి. 2011లో అమెరికాలో డాక్సిల్‌కు కొరత మొదలైంది. 2012లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తాత్కాలికంగా దిగుమతి చేసుకోనిచ్చింది అదే మందుతో మన సన్ ఫార్మా చేసే లిపోడాక్స్‌ని. మరుసటి ఏడాదే సన్ ఫార్మా జెనరిక్‌కు అనుమతి కూడా ఇచ్చింది. మాత్రను కాపీ చేసినట్టు లైపోజోమ్‌ను కాపీ చేయడం కుదరదు. మందు అదే, లిపిడ్లు (కొవ్వులు) అవే, తయారుచేసే తీరు కాస్త మారితే గోళం సైజు మారుతుంది, మందు బయటికి వచ్చే వేగం మారుతుంది. అందుకే ఇలాంటి ఇంజెక్షన్లు చేసే కంపెనీలకు ఫార్ములేషన్‌లో (మందు రూపొందించడంలో), అనలిటికల్‌లో (పరీక్షించడంలో) పని తెలిసిన మనుషులు కావాలి. కొవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాలు వచ్చింది కూడా వీటికి దగ్గరి చుట్టాలైన లిపిడ్ నానోపార్టికల్స్‌లోనే. కాకపోతే మొదటి జీతం చూసి మీరు నిట్టూర్చవచ్చు, షాపు ఆదాయంతో పోల్చకండి. అన్నట్టు, ఆన్‌లైన్‌లో అమ్మే లైపోజోమల్ విటమిన్ సి, లైపోజోమల్ ఐరన్ డబ్బాలను చూసి ఈ రంగాన్ని అంచనా వేయొద్దు. లేబుల్ మీద రాసినంత మాత్రాన లోపల గోళాలున్నట్టు కాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పంపించండి. కానీ పేరులో నానో ఉన్న కోర్సు కోసం వెతకొద్దు, మందుల తయారీ నేర్పే బ్రాంచి ఫార్మాస్యూటిక్స్‌లో చేర్చండి. చేర్చే ముందు ల్యాబ్ చూడండి. కాలేజీలో చేసే పద్ధతి ఇలా ఉంటుంది: లిపిడ్‌ను, కొలెస్ట్రాల్‌ను క్లోరోఫాంలో కరిగించి గుండ్రటి ఫ్లాస్కులో పోస్తారు. రోటరీ ఎవాపరేటర్ మీద తిప్పుతూ క్లోరోఫాం లాగేస్తే, పాలు కాచిన గిన్నెకు అంటుకున్నట్టు గాజు గోడకు పల్చటి పొర మిగులుతుంది. గోరువెచ్చని బఫర్ (పుల్లదనం మారకుండా ఉంచే ద్రావణం) పోసి మళ్లీ తిప్పితే పొర ఊడి ద్రవం తెల్లగా మారుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. పెద్దా చిన్నా కలిసిన ఆ గోళాలను 100 నానోమీటర్ల రంధ్రాలున్న పొర గుండా మళ్లీ మళ్లీ నెట్టి ఒక సైజుకు తేవాలి, సైజు కొలవాలి, లోపలికి ఎక్కని మందును వేరుచేసి ఎంత ఎక్కిందో లెక్క తేల్చాలి. అలా నెట్టే ఎక్స్‌ట్రూడర్ ఉందా, సైజు కొలిచే పార్టికల్ సైజ్ అనలైజర్ పనిచేస్తోందా, లేక శాంపిళ్లు బయటికి పంపుతారా అని గైడ్‌ని కాదు, అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగండి. గైడ్లు అన్నీ ఉన్నాయనే చెబుతారు.

ఎంఫార్మసీకి జాతీయ ప్రవేశ పరీక్ష అయిన జీపాట్ నాలుగో ఏడాదిలో రాయొచ్చు. అర్హత సాధించి గుర్తింపు ఉన్న కాలేజీలో చేరితే నెలకు 12,400 రూపాయల స్టయిపెండ్ వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నైపర్‌కు గురి పెట్టాలంటే ఆ స్కోరుతో పాటు దాని ప్రవేశ పరీక్ష నైపర్ జేఈఈ కూడా రాయాలి. రెండూ కుదరకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ఉండనే ఉంది.

షాపు గురించి టెన్షన్ వద్దు. బీఫార్మసీ అయ్యాక ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించేయండి, ఎంఫార్మసీ చదివినంత మాత్రాన అది పోదు. రెండేళ్ల తర్వాత ఇటు రావాలనుకున్నా తలుపు తెరిచే ఉంటుంది.

ఈలోగా ఒక పని చేయండి. తెలిసిన ఆసుపత్రి ఫార్మసీ నుంచి లైపోజోమల్ ఆంఫోటెరిసిన్ పొడి వయల్‌తో వచ్చే కాగితం తెచ్చి అమ్మాయికి ఇవ్వండి. దాన్ని సెలైన్‌తో కలపొద్దని, కలిపాక డెక్స్‌ట్రోజ్‌లోనే ఎక్కించాలని ఉంటుంది. ఎందుకో కనుక్కుని చెప్పమనండి. రెండు రోజుల్లో వచ్చి మీకు అర్థమయ్యేలా చెప్పిందంటే, జీపాట్ కోచింగ్ ఫీజు కట్టేయండి.