బుజ్జీ, ముందు ఆ దూగ్నాద్‌కి వెళ్ళు

నిన్న ఫోన్లో నీ గొంతు వింటే మనసు చివుక్కుమంది. నార్వేలో ట్రోన్‌హైమ్ వచ్చి ఆర్నెల్లయింది, యాప్‌లో రోజూ నార్వేజియన్ పాఠాలు చేస్తున్నా, షాపులో కౌంటర్ దగ్గర అమ్మాయి ఏదో అడిగితే నోరు పెగల్లేదు పెద్దమ్మా అన్నావు. ఆ అమ్మాయి అడిగేవి ఎప్పుడూ ఆ రెండే తల్లీ, పూసె అంటే సంచీ కావాలా అని, క్విత్తేరింగ్ అంటే బిల్లు కావాలా అని. వద్దంటే నై తక్, కావాలంటే యా తక్. అయిపోయింది. ప్లీజ్‌కి వాళ్ళ భాషలో రోజువారీ మాటే లేదు, మనం ఇంట్లో దయచేసి అనం కదా, అలాగే అనుకో. కానీ తక్, అంటే థాంక్స్, మాత్రం అడుగడుగునా ఉంటుంది. భోజనం అయ్యాక వండినవాళ్ళకి తక్ ఫొర్ మాతెన్ అనకుండా లేవకూడదు, పిల్లలు కూడా అంటారు. పోయిన వారం కలిసినవాళ్ళు మళ్ళీ ఎదురైతే తక్ ఫొర్ సిస్ట్, అంటే మొన్న కలిసినందుకు థాంక్స్ అని. ఇది అన్నావంటే వాళ్ళ మొహం వెంటనే విచ్చుకుంటుంది, చూడు.

టైమ్ విషయంలో మాత్రం జాగ్రత్త. హల్ త్రే అంటే మనకి మూడున్నర అనిపిస్తుంది, కాదు, రెండున్నర, మూడుకి సగం దూరంలో ఉన్నట్టు లెక్క. నేను వచ్చిన కొత్తలో పళ్ళ డాక్టర్ దగ్గరికి గంట ఆలస్యంగా వెళ్ళి అపాయింట్‌మెంట్ పోగొట్టుకుని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. ఫెమ్ పో హల్ త్రే అంటే రెండుంపావు దాటి ఇంకో పది నిమిషాలు, రెండూ ఇరవై ఐదు. ముసలివాళ్ళతో మాట్లాడితే అంకెలు కూడా తిరగబడతాయి, 52ని ఇప్పుడు ఫెమ్‌తీతూ అంటారు గానీ 1951లో మార్చక ముందు అలవాటు తూ ఒ ఫెమ్‌తీ, రెండూ యాభై అని, అది ఇంకా చాలామంది నోట్లో ఉంది. ఫోన్ నంబర్ ఎనిమిది అంకెలు, చాలామంది రెండేసి చొప్పున చెప్తారు, కాబట్టి 99 దాకా వేళ్ళ మీద ఉండాలి. ఇక స్కూలు వాళ్ళు తేదీ చెప్పరు, ఊకె 8 అంటారు, అంటే ఏడాదిలో 8వ వారం (మన తెలంగాణ ఊకె కాదు, కానీ ఆ మాటతోనే గుర్తు పెట్టుకో), ఫోన్ క్యాలెండర్‌లో వారం నంబర్లు ఆన్ చేసుకో.

పుస్తకంలో నేను అంటే యై అని నేర్పుతారు, మీ ఊళ్ళో మాత్రం అందరూ ఆ అనో ఏ అనో వినిపించేలా అంటారు, బెర్గెన్ వెళ్తే ఎగ్. తప్పు నీ చెవిది కాదు. అక్కడ టీవీలో, పార్లమెంట్‌లో కూడా ఎవరి యాస వాళ్ళు మాట్లాడతారు, గుంటూరు మాటకి కరీంనగర్ నవ్వడం లాంటిది అక్కడ తక్కువ. ఇంకోటి, అందరినీ పేరు పెట్టి దూ, అంటే నువ్వు, అనే పిలవాలి, పెద్దాయనైనా, బాసైనా. మొదట్లో నాలుక తిరగదు, ఆ మొహమాటం వదిలెయ్, అగౌరవం కాదది.

అందరికీ ఇంగ్లీష్ బాగా వచ్చు, నువ్వు తడబడగానే ఇంగ్లీష్‌లోకి దిగిపోతారు, మంచి మనసుతోనే. అక్కడే నువ్వు గట్టిగా ఉండాలి. కన్ వీ స్నక్కె నొష్క్, నార్వేజియన్‌లోనే మాట్లాడుకుందామా అని అడుగు. ఎవరూ కాదనరు.

మీ బిల్డింగ్ తలుపు మీద దూగ్నాద్ కాగితం అంటించారన్నావు కదా, అందరూ కలిసి ఆవరణ శుభ్రం చేసుకునే రోజు అది, ఎండాకాలం ముందు అన్నిచోట్లా పెడతారు. పని ఉందని తప్పించుకోకు. నాకు భాష వచ్చింది అక్కడే. ఎండుటాకులు లాగే పళ్ళ కర్ర ఒకటి చేతికిచ్చి పక్కింటావిడ రీవె అంది, నేను దాన్ని పైకెత్తి రీవె అన్నాను, పార చూపించి వా హేతెర్ దెత్తె, దీన్నేమంటారు అని అడిగితే స్పాదె అంది, అలా మధ్యాహ్నానికి ఇరవై మాటలు, మట్టి చేతులతోనే. తర్వాత కాఫీ, వాఫుల్స్ పెట్టారు, దాని మీద గోధుమరంగు తియ్యటి చీజ్, బ్రూనుస్త్, నీకు మన పాలకోవా గుర్తొస్తుంది. ఆవిడ నా మాట వింటూ శ్వాస లోపలికి పీలుస్తూ యా అంది, నేను బెదిరిపోయాను, అది ఊఁ కొట్టడమేనని తర్వాత తెలిసింది.

ఈ శనివారం చేతులకి గ్లవ్స్ వేసుకుని పది నిమిషాలు ముందే కిందికి దిగు. సోమవారం మెట్ల మీద వాళ్ళు ఎదురైతే ఏమనాలో పైన చెప్పానుగా. రాత్రికి ఫోన్ చేసి ఏం మాటలు దొరికాయో చెప్పు, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ