ఐదు పోర్షన్ల కోసం కొడుకు ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మాది అనంతపురం, సాయినగర్. మావారు కట్టించిన ఇంట్లో ఐదు పోర్షన్లు అద్దెకిచ్చాం. ఒక్కోటి 7 వేలు. ఆయన పోయాక అన్నీ మా అబ్బాయే చూస్తున్నాడు. బీకాం అయిపోయి, బెంగళూరులో 26 వేల జీతంతో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. మేనేజర్‌ను పెట్టి వెళ్తానంటాడు. నేను వద్దంటే, ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కోర్సు ఆన్‌లైన్‌లో చేసి ఊళ్లోనే అందరి ఇళ్లూ చూస్తానంటాడు. ఏది మేలు?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నా దగ్గరికి ఒకసారి పొలం పేరుతో, ఒకసారి అంగడి పేరుతో వస్తుంటుంది. మీది అద్దె ఇళ్ల పేరుతో వచ్చింది. అడిగేది ఇంటి గురించే, భయం మాత్రం అబ్బాయి దూరమవుతాడని.

ముందు ఆ కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం లేదు. అద్దెలో పది శాతం ఫీజు అనుకున్నా, 7 వేల పోర్షన్‌కు వచ్చేది 700. నెలకు 30 వేలు సంపాదించాలంటే 43 పోర్షన్లు చేతిలో ఉండాలి. బోరు మోటారు కాలితే తామే మెకానిక్‌ను పిలుచుకునే మన ఊరి యజమానుల్లో ఆ 700 ఇచ్చేవాళ్లు ఎంతమంది? సర్టిఫికెట్ చూసి ఎవరూ తాళాలు చేతికివ్వరు. ఈ పని మీద నిజంగా ఇష్టముంటే, బెంగళూరులో ఆఫీసు భవనాల నిర్వహణ చూసే కంపెనీలో రెండేళ్లు జీతానికి చేసి నేర్చుకోమనండి.

ఇప్పుడు కోపం తెచ్చుకోకుండా వినండి. మీ ఐదు పోర్షన్లకు అదే లెక్కన మేనేజర్ ఫీజు నెలకు 3,500. అది మిగుల్చుకోవడానికి 26 వేల ఉద్యోగం వదిలేయమంటున్నారు. వాళ్ల నాన్న ఇల్లు కట్టింది పిల్లాడిని దానికి కాపలా పెట్టడానికా?

మేనేజర్ మోసం చేస్తాడేమోనన్న టెన్షన్ న్యాయమే. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద నమోదు ఇళ్లు, ప్లాట్లు అమ్మే బిల్డర్లకు, అమ్మించే ఏజెంట్లకే, అద్దె ఇళ్లు చూసే మేనేజర్లకు కాదు. కాబట్టి మీకు రక్ష మీరు రాయించుకునే కాగితమే. అద్దె, అడ్వాన్స్ నేరుగా మీ ఖాతాలో పడాలి. 11 నెలల అగ్రిమెంట్ మీద సంతకం మీదే ఉండాలి. రెండు వేలు దాటే రిపేరు మిమ్మల్ని అడిగాకే చేయించాలి. నచ్చకపోతే నెల నోటీసుతో మాన్పించే వీలుండాలి. నన్నడిగితే, మీ ఒక్క ఇంటికి కంపెనీ కూడా అక్కర్లేదు. వీధిలో నమ్మకమైన రిటైరైన మనిషి ఒకరు, తెలిసిన ప్లంబర్, ఎలక్ట్రీషియన్ చాలు. లెక్కలు మీ అబ్బాయి ఫోన్లోనే చూస్తాడు, చదివింది బీకామే కదా.

ఇక మీ ఒంటరితనం. అది చిన్న విషయమని నేను అనను. కానీ కింద ఐదు కుటుంబాలున్న ఇల్లు మీది. శనివారం పొద్దున బెంగళూరులో బస్సెక్కితే మధ్యాహ్నం మీ చేతి భోజనానికి ఇంట్లో ఉంటాడు. ఉద్యోగంలో ఎప్పుడు చేరాలో మీరు రాయలేదు. ఆ కంపెనీకి వస్తున్నానని ఈరోజే జవాబు పంపమనండి.