చిట్టికి, పిల్లాడి కాలేజీ గురించి

చి.ల.సౌ. చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, వాడు చదివే బళ్ళోనే పై రెండేళ్ళూ ఉన్నాయట, అది వదిలేసి రైలెక్కి ఎక్కడో కాలేజీకి పోతానంటున్నాడట, చిట్టి రాత్రుళ్ళు నిద్రపోవడం లేదట, నువ్వే చెప్పు" అంది. ఈ ఇంగ్లండులో నాకు గంటన్నర దూరంలో ఉంటూ ఈ కబురు నాకు విజయవాడ మీదుగా పంపిస్తావా? ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, పెట్టేశాక మళ్ళీ మొదటికొస్తావు. అందుకే రాస్తున్నాను. చదివాక అల్లుడుగారికి కూడా ఇవ్వు.

ముందు నా సంతోషం చెప్పనీ. పదహారేళ్ళ పిల్లాడు తనంతట తాను ఓపెన్ ఈవినింగ్‌కి వెళ్ళాడు, అప్లికేషన్ నింపుకున్నాడు, ఇంటర్వ్యూలో ఒక్కడే కూర్చుని ఆఫర్ తెచ్చుకున్నాడు. వాడికి నేను అమ్మమ్మనే కదా, విని కడుపు నిండిపోయింది. ఆ మాట నువ్వు వాడితో అన్నావా? అనకపోతే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి వెళ్ళి అని రా.

నీ భయం ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. నువ్వు ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర ఒక ఆదివారం మీ అమ్మతో పాటు నేనూ నిలబడ్డాను. తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టేవాళ్ళు, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్. నీకోసం పెరుగన్నం, ఆవకాయ తెచ్చాం. డబ్బా మూత తియ్యకుండానే వీక్లీ టెస్టులో ర్యాంకు ఎంతో చెప్పావు. ఆకలేస్తోందని మాత్రం చెప్పలేదు. ఎంత చిక్కిపోయావో! ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులో మీ అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇప్పుడు అదే పిల్ల తన కొడుకు టైం టేబుల్ చూసి, "వారానికి పదిహేను గంటలే క్లాసులట, మిగతా టైమంతా ఏం చేస్తాడు" అని బెంగ పెట్టుకుంది. పెట్టుకోదా మరి.

చదువుతాడమ్మా. ఒక్కో సబ్జెక్టుకి వారానికి నాలుగైదు గంటలు క్లాసు, దాదాపు అంతే సేపు సొంతంగా చదువుకోవాలని టీచర్లు ముందే చెప్తారు. మధ్యలో ఖాళీగా కనిపించే పీరియడ్లు దానికే. లైబ్రరీలో కూర్చుంటాడు, అప్పుడప్పుడు స్నేహితులతో బయటికి వెళ్ళి చిప్స్ తింటాడు. రెండూ చేస్తాడు. నువ్వు పడ్డంత కష్టం వాడు పడనంత మాత్రాన చదవడం లేదనుకోకు. యూనివర్సిటీకి వెళ్ళాక ఎవరూ పక్కన కూర్చుని చదివించరు, ఆ అలవాటు ఇక్కడే, ఇంట్లో నీ చేతి అన్నం తింటూ ఉండగానే రావాలి.

మూడే సబ్జెక్టులేమిటన్నది నీ రెండో దిగులట. ఇక్కడ యూనివర్సిటీలు అడిగేవి మామూలుగా మూడు ఎ-లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటి ఈ రెండేళ్ళ చదువులో ఒక్కో సబ్జెక్టూ ఒక్కో ఎ-లెవెల్. నాలుగోది చేసేవాళ్ళు ఎక్కువగా ఫర్దర్ మ్యాథ్స్ కోసం చేస్తారు. మెడిసిన్ కావాలంటే కెమిస్ట్రీ, చాలాచోట్ల దాంతో పాటు బయాలజీ. ఇంజినీరింగ్ అయితే మ్యాథ్స్, ఫిజిక్స్. మనవాడికి ఆ రెండూ అక్కర్లేదు, ఎకనామిక్స్ చదవాలని ఉంది. మ్యాథ్స్, ఎకనామిక్స్, జాగ్రఫీ ఎంచుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో ఎకనామిక్స్‌కి తప్పనిసరిగా అడిగేది మ్యాథ్స్ ఒక్కటే, అది వాడి దగ్గర ఉంది. "జాగ్రఫీ ఏమిటి పెద్దమ్మా, ఎవరికైనా ఏం చెప్పుకుంటాం" అంటావేమో. చెప్పుకోవడానికి కాదు కదా చదివించేది. జాగ్రఫీకి ఇక్కడ మంచి గౌరవం ఉంది. పైగా ఇష్టపడి తీసుకున్నది రెండేళ్ళూ లాక్కెళ్తుంది.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెప్తాను, పేర్లు వద్దు. మా వీధిలోనే ఉండేవాళ్ళు, గుంటూరు వైపు వాళ్ళు. ఆయన ఆస్పత్రిలో పెద్ద డాక్టరు. 2000 తర్వాత కొన్నేళ్ళకి, జి.సి.ఎస్.ఇ.లో, అంటే పదహారేళ్ళకి రాసే మన టెన్త్ లాంటి పరీక్షల్లో, ఇంకా ఈ 9, 8 అనే అంకెల గ్రేడ్లు రాని రోజులు. పిల్లాడికి అన్నీ ఎ-స్టార్లే, అప్పట్లో అదే పై గ్రేడు. వాడికి చరిత్ర అంటే ప్రాణం. ఏ కోట ఎవరు కట్టారో చెప్పడం మొదలుపెడితే మా ఇంట్లో టీ చల్లారిపోయేది. తండ్రి మాత్రం బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగూ తీసుకోమన్నాడు. బైపీసీ, ఎంపీసీ రెండూ చేతిలో ఉంటే ఎటైనా పోవచ్చని ఆయన లెక్క. పిల్లాడు ఎదురు చెప్పలేదు. సర్దుకునేవాడేమో కూడా. అసలు తప్పు తర్వాత జరిగింది.

నవంబరులో ఒక పొద్దున పదకొండింటికి ఆయన కారులో పోతూ, బజారులో కొడుకు ఇద్దరు స్నేహితులతో నిలబడి నవ్వుతూ ఉండడం చూశాడు. క్లాసు ఎగ్గొట్టాడనుకున్నాడు. కారు ఆపి, నడిరోడ్డు మీద తెలుగులో తిట్టి, కారెక్కించి నేరుగా కాలేజీ ఆఫీసుకి తీసుకుపోయాడు. అక్కడి అమ్మాయి టైం టేబుల్ తీసి చూపించింది. ఒంటిగంట దాకా వాడికి క్లాసు లేదు. ఆ క్షణంలో కొడుకు వైపు తిరిగి "నాకు తెలియదు నాన్నా, పొరబడ్డాను" అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. ఆయన అనలేదు. "ఇకనుంచి క్లాసు లేకపోయినా నాలుగింటి దాకా మావాణ్ణి బయటికి వదలొద్దు" అని ఆ అమ్మాయికి చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ స్నేహితుల ముందు, ఆ ఆఫీసు ముందు పిల్లాడి తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో వాడి నోటి నుంచి "బాగానే ఉంది" తప్ప ఇంకో మాట రాలేదు. కెమిస్ట్రీ అర్థం కావడం లేదని చెప్పలేదు. టీచరు ఇంటికి ఈమెయిల్ పంపితే, ఫారంలో వాడు రాసిన అడ్రసు వాడిదే. ఫిబ్రవరిలో పేరెంట్స్ ఈవినింగ్ అయింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పట్లో మొదటి ఏడాది చివర ఎ.ఎస్. పరీక్షలుండేవి, ఆ మార్కులు ఎ-లెవెల్లో కలిసేవి. ఆగస్టులో కెమిస్ట్రీకి యు వచ్చింది, అంటే ఏ గ్రేడూ లేనట్టు. వాళ్ళమ్మ మా వంటింట్లో కూర్చుని, "నెలల తరబడి ఆ క్లాసుకే వెళ్ళలేదట వదినా, రోజూ బాక్సు కట్టి పంపించాను" అని ఏడ్చింది. పిల్లాడు వేరే కాలేజీలో మళ్ళీ మొదటి ఏడాది నుంచి, ఈసారి చరిత్ర తీసుకుని చదివి బాగుపడ్డాడు. ఏడాది పోయినా ఈ దేశంలో పెద్ద నష్టం లేదు. తండ్రీకొడుకులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

అందుకే చిట్టీ, నాకు మార్కుల భయం లేదు. వాడు నీతో మాట్లాడడం మానేస్తాడేమోనన్నదే నా భయం. ఇన్నాళ్ళూ బడివాళ్ళు ప్రతిదానికీ నీకు కబురు పెట్టారు. కాలేజీవాళ్ళు రిపోర్టులు పంపుతారు, పేరెంట్స్ ఈవినింగ్ పెడతారు, హాజరు చూసుకోడానికి పోర్టల్ ఇస్తారు. కానీ ఏ మాటైనా ముందు పిల్లాడితోనే. పద్దెనిమిది నిండాక వాడు ఒప్పుకుంటే తప్ప నీకు వివరాలు చెప్పకపోవచ్చు కూడా. అప్పుడు నీకు తెలిసేదల్లా వాడు చెప్పిందే.

కాబట్టి ఇంటికి రాగానే "టెస్టులో ఎంత" అని అడగకు. ముందు తిండి పెట్టు. తిన్నాక వాడే చెప్తాడు, చెప్పకపోతే రేపు చెప్తాడు. ఇంకొకటి గుర్తుపెట్టుకో: జి.సి.ఎస్.ఇ.లో 8లూ 9లూ తెచ్చుకున్న పిల్లలకి కూడా మొదటి టర్ములో సి, డి రావడం మామూలే. చదువు లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. నేను కాలేజీ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ప్రతి నవంబరూ కౌంటరు దగ్గరికి బిక్కమొహాలతో వచ్చేవాళ్ళు, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక. ఆ పేపరు నీకు చూపించిన రోజున "ఎక్కడ అర్థం కాలేదు?" అని మాత్రం అడుగు. వాళ్ళ అన్నయ్య, వీళ్ళ అమ్మాయి, హైదరాబాదులో మేనత్త కొడుకు, ఎవరి పేరూ ఎత్తకు. సబ్జెక్టు నిజంగా పొసగకపోతే మొదటి కొన్ని వారాల్లో మార్చుకోనిస్తారు, అందుకే సెప్టెంబరులో వాడి మాట చెవిన పడాలి.

అలాగని మొదటి ఏడాది తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఇప్పుడు అసలు పరీక్షలన్నీ రెండో ఏడాది చివరే. కానీ యూనివర్సిటీలు చూసే ప్రెడిక్టెడ్ గ్రేడ్లు, అంటే టీచర్లు ముందే వేసే అంచనా మార్కులు, ఎక్కువగా మొదటి ఏడాది పని చూసే వేస్తారు. ఇది వాడికి ఒక్కసారి చెప్పు, రోజూ కాదు.

నీ అనుమానాల్లో ఒకటి మాత్రం న్యాయమైనదే. బళ్ళో ఉంటే వాడి పదకొండో ఏట నుంచి వాణ్ణి ఎరిగిన టీచర్లుంటారు, దిగులుగా కనిపిస్తే పిలిచి అడుగుతారు. ముడుచుకుపోయే పిల్లలకి అదే మంచిదని నేనే చాలామందికి చెప్పాను. మనవాడు అలాంటివాడు కాదు. కొత్తవాళ్ళ మధ్య కాళ్ళూ చేతులూ చాపుకుంటాడు. యూనిఫాం లేదని, టీచర్లని పేరుపెట్టి పిలుస్తారని కంగారు పడకు. గౌరవం వాళ్ళు పనిలో చూస్తారు. వాడి స్నేహితుడెవరో టి-లెవెల్ అనే వృత్తి చదువు తీసుకుంటున్నాడని చిన్నచూపు చూశావట, మీ అమ్మే చెప్పింది. ఆ చదువు 2020లో మొదలైంది, మూడు ఎ-లెవెల్స్‌తో సమానం, నలభై అయిదు రోజులు నిజమైన పనిచోట పని నేర్పిస్తారు. ఆ పిల్లాణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టు.

కొన్ని పనులు నీవి. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకుంటూ ఉంటే, వాడు చదువు కొనసాగిస్తున్నాడని హెచ్.ఎం.ఆర్.సి.కి, అదే పన్నుల శాఖకి, తెలియజెయ్యి, లేకపోతే పదహారు నిండాక వచ్చే ఆగస్టు 31తో ఆగిపోతుంది. 16-17 సేవర్ అనే రైలు కార్డు తీసుకుంటే రైలు టికెట్లు చాలావరకు సగం ధరకే వస్తాయి. మీ వీసా కాగితాలు ఇప్పుడే ముందేసుకుని కూర్చోండి. యూనివర్సిటీ మొదలయ్యేనాటికి సెటిల్‌మెంట్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, రాకపోతే విదేశీ విద్యార్థులకి వేసే ఓవర్సీస్ ఫీజు అడిగే ప్రమాదం ఉంది. ఈ రెండేళ్ళలో చూసుకోవాల్సింది మీరు, ఆ బరువు పిల్లాడి నెత్తిన పెట్టకండి. ఇంకా, మంచి కోటు కొనిపెట్టు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, వాడు రైలు దిగేసరికి రాత్రిలా ఉంటుంది. మొదటి నెల స్టేషనుకి ఎదురెళ్ళాలని ఉంటే వాణ్ణి అడిగి వెళ్ళు.

అన్నట్టు, ఈ వేసవికి విజయవాడ టికెట్లు తీశావట, ఎప్పటికి తిరిగొస్తున్నారు? జి.సి.ఎస్.ఇ. ఫలితాలు ఆగస్టు రెండో సగంలో ఒక గురువారం వస్తాయి, ఆ వెంటనే కాలేజీలో ఎన్‌రోల్‌మెంట్. వాడు ఫలితాల కాగితంతో స్వయంగా వెళ్ళాల్సి ఉంటుంది. ఏ గ్రేడైనా తక్కువొస్తే అక్కడే కూర్చుని మాట్లాడుకోవాలి. పెళ్ళి ఉందనీ, నోము ఉందనీ మీ అమ్మ బలవంతపెడితే నేను మాట్లాడతాను. తేదీలు మార్చడానికి ఖర్చవుతుందంటే నాకు చెప్పు, నేనిస్తాను. పరీక్షలయ్యాక వాణ్ణి ఒక వారం నా దగ్గరికి పంపు. పుస్తకాలు వద్దు, వాణ్ణొక్కణ్ణే.

మీ పెద్దమ్మ