మారిషస్ లెక్కలు మా అమ్మాయికి తిండి పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతోంది. మారిషస్ జనాభా మీద ప్రాజెక్టు చేసింది. ఇప్పుడు ముంబై వెళ్లి జనాభా అధ్యయనంలో పీజీ చేస్తానంటోంది. పట్టుమని పదమూడు లక్షల మంది లేని దీవి లెక్కలు ఎవరికి కావాలండీ? మా తోడల్లుడు డేటా సైన్స్‌లో చేర్చమంటున్నాడు. ఏది మేలు?

జవాబు: మీ ఉత్తరంలో తోడల్లుడి మాటలు అర పేజీ ఉన్నాయి, అమ్మాయి మాట ఒక్క వాక్యం. "మీ పాప ఏం చదువుతోంది?" అని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నదే మీ టెన్షన్. అది మీ ఇబ్బంది సార్, ఆమెది కాదు.

మీరు జత చేసిన ప్రాజెక్టు పేజీలు చూశాను. ఆమె గీసిన 1962 నాటి వయసుల పటం (అడుగున పిల్లలు, పైన ముసలివాళ్లు) అడుగున వెడల్పుగా గోపురంలా ఉంది. 2022ది అడుగు సన్నబడి కూజాలా ఉంది. 1940ల చివర్లో మలేరియా అదుపులోకి వచ్చాక అక్కడ మరణాలు తగ్గాయి, కాన్పులు తగ్గలేదు. అదే తీరు సాగితే శతాబ్దం చివరికి జనాభా 30 లక్షలకు దగ్గరవుతుందని 1960 ప్రాంతంలో బ్రిటిష్ నిపుణులు లెక్కగట్టారు. 2000 జనగణనలో తేలింది 12 లక్షల లోపే. కుటుంబ నియంత్రణ వచ్చింది, ఆడపిల్లలు చదువుకున్నారు, పెళ్లి వయసు పెరిగింది. మనమైతే లెక్క తప్పిందని నవ్వేస్తాం. మీ అమ్మాయి మాత్రం "అంచనా జోస్యం కాదు, 'ఇలాగే సాగితే' అన్న షరతు" అని రాసింది. డిగ్రీ పిల్లలు ఈ ముక్క రాయగా నేను పెద్దగా చూడలేదు.

ఇప్పుడక్కడ ఒక్కో స్త్రీకి సగటున ఒకటిన్నర కంటే తక్కువ మంది పిల్లలు. ముసలివాళ్లు పెరిగి, వాళ్లను పోషించే వయసువాళ్లు తగ్గుతున్నారన్నమాట. పింఛను వయసును 60 నుంచి 65కు మెల్లగా పెంచుతామని 2025 బడ్జెట్‌లో ప్రకటిస్తే నిరసనలు మొదలయ్యాయి. లెక్కలు ఎవరికి కావాలన్నారు కదా, అక్కడివాళ్లకు కావాలి. మనకూ కావాలి: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 1.7.

ఇక డేటా సైన్స్. ఆరు నెలల కోర్సు సర్టిఫికెట్‌తో నా దగ్గరకు వచ్చే పిల్లలను ప్రాజెక్టు చూపించమంటే, పదిమందిలో ఎనిమిది మంది టైటానిక్ ఓడలో ఎవరు బతికారో చెప్పే ప్రోగ్రామే చూపిస్తారు. అదే డేటా, అదే కోడ్. "ఈ వయసుల కాలమ్‌లో ఖాళీలెందుకున్నాయి?" అంటే నేల చూపులే. గట్టి కాలేజీలో రెండేళ్లు చదివితే అది వేరే సంగతి. మీ తోడల్లుడు చెప్పేది ఆ చదువేనా, లేక అమీర్‌పేట బోర్డా?

పోలిక అడిగారు. మొదటి జీతం ఐటీలోనే ఎక్కువ. జనాభా రంగంలో ఉద్యోగాలు తక్కువ, చాలావరకు కాంట్రాక్టు పనులు. సర్వే సంస్థలు, ఆరోగ్య పథకాలు, పరిశోధన... దాపరికం ఎందుకు, మొదటి రెండేళ్లు ఇరుకుగానే ఉంటాయి. కానీ ఆమె చూస్తున్నది ముంబై దేవ్‌నార్‌లోని జనాభా అధ్యయన సంస్థే (ఐఐపీఎస్) అయితే అది 1956 నుంచీ ఉంది, పైన చెప్పిన సర్వే చేసిందీ వాళ్లే. స్టాటిస్టిక్స్ వచ్చిన పిల్ల అక్కడి నుంచి డేటా ఉద్యోగానికి మారడం కష్టమేమీ కాదు. భయపడకండి.

అన్నట్టు, మారిషస్‌లో తెలుగువాళ్లను ఒకప్పుడు కోరంగీలు అనేవారు, మీ కాకినాడ పక్క రేవు పేరుతోనే. ఉగాదికి అక్కడ సెలవు కూడా. ఆమె పేజీల్లో ఈ మాట ఎక్కడా లేదు. ఆ దీవినే ఎందుకు ఎంచుకుందో రాత్రి భోజనాల దగ్గర అడగండి. తోడల్లుడు లేనప్పుడు.