కుండీలో నాచు ఎండిపోయిందన్న మనవరాలికి

చి. అమ్ములుకి,

తాతయ్య ఆశీస్సులు. ఫోన్‌లో నువ్వు పంపిన ఫోటో చూశాను. అంత డబ్బు పోసి తెప్పించుకున్న ఆ పచ్చటి నాచు నీ చేతిలో చావలేదే పిచ్చితల్లీ, అది వచ్చేటప్పటికే బతికి లేదు. అలంకరణ కోసం ఎండబెట్టి రంగేసిన సరుకు అది. నీళ్లు పోస్తే రంగు దిగిందన్నావు చూడు, అక్కడే తెలిసిపోయింది.

అసలు నాచును కొనడమెందుకు? మీ అపార్ట్‌మెంట్ డాబా మీద వాననీళ్లు పోయే తూము దగ్గర, సిమెంటు పగుళ్లలో వెతుకు. పాచినీ నాచునీ మనం కలిపేసి మాట్లాడతాం గానీ, కాలు జారేలా జిగటగా ఉండేది పాచి. వేలితో రాస్తే ముఖమల్ గుడ్డలా తగిలేది నాచు. అందులోనూ పైన వెండిపూత పూసినట్టు మెరిసేది కనిపిస్తే వదలకు. దాని పేరు బ్రయమ్ అర్జెంటియమ్. ఇంటర్‌లో నువ్వు బట్టీపట్టిన ఫ్యునేరియా అనే నాచుకి చుట్టమే. లెన్స్‌లో చూస్తే సన్నటి దీపం వత్తులు గుంపుగా నిలబెట్టినట్టుంటుంది. ఆకు పైభాగంలో పచ్చదనం ఉండదు, అందుకే ఆ వెండి మెరుపు. అంటార్కిటికాలోనూ ఉంది, ఊళ్లలో రోడ్ల పక్కనా ఉంది. అలాంటిది నీ బాల్కనీలో బతకదా?

వానలు పడ్డాక పాత ఏటీఎం కార్డుతో ఐదు రూపాయల బిళ్లంత ముక్క గీకి కాగితంలో చుట్టు. పాలిథిన్ కవర్లో పెడితే బూజు పడుతుంది. అడవికి వెళ్లినప్పుడు మాత్రం బండల మీద నుంచి చాపల్లా ఒలిచి తేవద్దు. అక్కడి చల్లదనానికి అలవాటుపడ్డది ఫ్లాట్‌లో ఎలాగూ నిలవదు.

అడుగున చిల్లున్న మట్టి మూకుడు తీసుకో. ఎర్రమట్టిలో సగం ఇసుక కలిపి నింపు. ఎరువు వద్దు, కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొట్టూ వద్దు. తర్వాత గరిటె వెనకవైపుతో గట్టిగా అణచు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. మిగతా మొక్కలకి మట్టి గుల్లగా ఉండాలి కదా అని దీనికీ అలాగే వదిలేస్తారు. దీనికి వేళ్లు లేవమ్మా, పట్టుకోవడానికి సన్నటి నూలుపోగుల్లాంటివి ఉంటాయంతే. నీళ్లు ఆకులతోనే తాగుతుంది. నేల కదిలితే పట్టు తప్పుతుంది. ఆరిన నాచును వేళ్లతో నలిపి పైన చల్లి, మళ్లీ అణచు. ఆ తునకలే కొత్త మొక్కలవుతాయి.

మజ్జిగలో నాచు వేసి మిక్సీ పట్టి గోడకి పూయమని ఇంటర్నెట్‌లో చెబుతారు. నేనూ పూశాను. బూజు వచ్చింది, చీమలు వచ్చాయి, మీ అమ్మమ్మ చీవాట్లు వచ్చాయి. నాచు తప్ప అన్నీ వచ్చాయి.

బోరు నీళ్లు కొడితే తెల్లటి ఉప్పు పొర కడుతుంది. వాననీళ్లు పట్టుకో, లేదంటే ఏసీ పైపులోంచి కారే నీళ్లు వాడు. మొదటి మూడు వారాలు తడి ఆరనివ్వకు, రోజుకి రెండుసార్లు స్ప్రే చాలు. పొద్దుటి ఎండ తగలాలి. మరీ నీడలో పెడితే పచ్చగా, పొడుగ్గా సాగి వెండి మెరుపు పోతుంది. మీ దగ్గర పావురాలు ఎక్కువ కాబట్టి మూకుడు మీద వల కట్టు, లేకపోతే ఒక్క పూటలో గీకి పారేస్తాయి. నాకు పచ్చటి చుక్కలు కనబడేసరికి ఆరు వారాలు పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు మూకుడు పారేద్దామనుకున్నానో.

ఎండాకాలంలో అది నల్లబడి ముడుచుకుంటే టెన్షన్ పడి బకెట్లు కుమ్మరించకు. నిద్రపోతోందనుకో. తొలకరికి దానంతట అదే లేస్తుంది.

దసరాకి వచ్చేటప్పుడు ఖాళీ అగ్గిపెట్టె ఒకటి తెచ్చుకో. మన తూము దగ్గర ఈసారి బాగా దట్టంగా ఉంది, లెన్స్ కూడా తుడిచి పెట్టాను.

ప్రేమతో,
తాతయ్య