ఇంగ్లిష్ "నో"కి మలయ్ భాషలో ఏమంటారు? "తిదక్" ఒక్కటి వస్తే చాలా?

కౌలాలంపూర్‌లో ఉద్యోగానికి వెళ్తున్నారు, "నో", "నాట్" అన్నదానికి "తిదక్" ఒక్కటి నేర్చుకుంటే గడిచిపోతుందా అని అడిగారు. గడవదండి. అసలు తెలుగువాళ్లు మలయ్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోవడమే దండగ పని. ఇంగ్లిష్‌వాడు "నో" అని ఊరుకునే చోట మనకి కాదు, లేదు, వద్దు, అక్కర్లేదు అని నాలుగున్నాయి. మలయ్‌వాళ్లకీ దాదాపు అవే ఉన్నాయి. మధ్యలో ఇంగ్లిష్‌ని దూర్చి, ఉన్న తేడాలు చెరిపేసుకుని, మళ్లీ కష్టపడి నేర్చుకోవడం ఎందుకు?

"కాదు"కి "బుకన్". ఆయన డాక్టర్ కాదు అంటే "దియ బుకన్ డాక్టర్". "లేదు"కి "తక్ అద". డబ్బులు లేవు, బ్యాగ్ లేదు, మందులకి అలర్జీ లేదు, అన్నిటికీ అదే. "తక్" అంటే తిదక్‌కి కురచ రూపం. మాటల్లో ఎప్పుడూ ఇదే వినిపిస్తుంది, పూర్తి తిదక్ ఫారాల్లోనూ వార్తల్లోనూ ఎక్కువ. క్రియలకీ గుణాలకీ ముందు పెట్టేది ఇదే: "తక్ తాహు" తెలియదు, "తక్ బోలెహ్" కుదరదు, "తక్ పాయాహ్" అక్కర్లేదు, "తక్ అప" పర్లేదు.

తెలుగువాళ్లు తడబడేది రెండు చోట్ల. ఒకటి, "ఖరీదేం కాదు" అని మనసులో అనుకుని "బుకన్ మహల్" అనేస్తారు. మహల్ అంటే ఖరీదైన అని, అది గుణం కాబట్టి "తక్ మహల్" అనాలి. బుకన్ పెడితే ఎదుటివాళ్లు "ఖరీదని కాదు గానీ..." అని మీరు ఇంకేదో చెప్పబోతున్నారనుకుని ఎదురుచూస్తారు. రెండోది మన "వద్దు". "నాకొద్దు"కీ "చెయ్యొద్దు"కీ మనం ఒకే మాట వాడతాం, వాళ్లు విడదీస్తారు. నాకొద్దు అంటే "తక్ నక్", చెయ్యొద్దు అంటే "జంగన్". సంచీ ఇవ్వబోయిన దుకాణదారుతో ఒట్టి "జంగన్" అంటే ఆపు, ముట్టుకోకు అన్నట్టుంటుంది. అదే గోడల మీద రాసే నిషేధాలకైతే "దిలారంగ్" అంటారు: "దిలారంగ్ మెరోకొక్" పొగ తాగరాదు, "దిలారంగ్ మాసుక్" ప్రవేశం లేదు.

శాకాహారులైతే ఈ రెండూ తిండి దగ్గరే బాగా పనికొస్తాయి. నూడుల్స్ బండి దగ్గర "తక్ నక్ దగింగ్" (మాంసం వద్దు) అంటే వంటమనిషి "బోలెహ్" అని తలూపుతాడు. తీరా ప్లేటు వచ్చేసరికి అందులో కోడిముక్కలు, రొయ్యలు, పైన గుడ్డు. అతని తప్పేం లేదు. దగింగ్ అంటే అక్కడ మామూలుగా గొడ్డుమాంసమే గుర్తొస్తుంది, కోడీ చేపా ఆ లెక్కలోకి రావు. అందుకే పేరుపేరునా చెప్పాలి: "సాయ తక్ మకన్ దగింగ్, ఆయమ్, ఇకన్, ఉదంగ్, తెలుర్." మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు తినను అని. ఆ వెంటనే "జంగన్ లెతక్ బెలచన్", రొయ్యల ముద్ద వెయ్యొద్దు అని కూడా. ఇదంతా మూకుడు పొయ్యి మీద పెట్టకముందే అయిపోవాలి. తూటికూర వేపుడు చూడటానికి పచ్చగా అమాయకంగా ఉంటుంది, తాలింపంతా ఆ బెలచనే. నాసి లెమక్ (కొబ్బరిపాలతో వండిన అన్నం) దగ్గరైతే చివర్లో "తక్ నక్ ఇకన్ బిలిస్" అన్నా లాభం లేదు. పైన చల్లిన ఎండు చేపలు తీసేస్తారంతే, కింద సంబల్‌లో (మిరపకాయల కారంలో) చాలాచోట్ల అవే ఉడికి ఉంటాయి. సంబలే వద్దనాలి. టీకి మాత్రం "వద్దు"తో పనే లేదు. "కురంగ్ మానిస్" అంటే తీపి తక్కువ, "తేహ్ ఓ" అంటే పాలు లేనిది, "తేహ్ ఓ కోసోంగ్" అంటే పాలూ చక్కెరా రెండూ లేనిది.

ఇక "బెలుమ్". ఇంకా లేదు అని. తిన్నారా, పెళ్లయిందా, డబ్బు కట్టారా అని అడిగితే, పని ఇంకా కానప్పుడు "తక్" అనకండి, "బెలుమ్" అనండి. నర్సు "సుదాహ్ మకన్ ఉబత్?" (మందు వేసుకున్నారా?) అన్నప్పుడు "తక్ మకన్" అంటే నేను వేసుకోను అన్నట్టు కూడా వినిపిస్తుంది. మలయ్ క్రియకి కాలాన్ని బట్టి రూపం మారదు, కాబట్టి తినను, తినలేదు రెండూ ఆ ఒక్క మాటలోనే ఇరుక్కుంటాయి. బెలుమ్ అంటే ఆ చిక్కే ఉండదు.

యాప్‌ల గురించి ఓ మాట. చాలామంది ఇండోనేషియన్ నొక్కి మలయ్ నేర్చుకుంటున్నామనుకుంటారు. "ఙ్గక్" అని నేర్పుతోందంటే అది జకార్తా వైపు భాష. మలేషియా దుకాణంలో "పెర్చుమ" అని బోర్డుంటే ఉచితం అని, ఇండోనేషియాలో అదే మాటకి వృథా అని. అనుమానమొస్తే 1956లో పెట్టిన ప్రభుత్వ భాషాసంస్థ దేవన్ బహాస దాన్ పుస్తక వాళ్ల ఆన్‌లైన్ నిఘంటువు చూడండి, ఉచితమే.

పలకడం కూడా చూసుకోండి. తక్, తిదక్‌లలో చివరి "క్" మనలా గట్టిగా పలకరు, గొంతులోనే తుంచేస్తారు. జంగన్‌లో "గ" వినపడకూడదు, "ఙ"తో ఆపాలి. బుకన్‌ని ఇంకా కురచ చేసి "కన్" అని వాక్యం చివర తగిలిస్తారు. మనం కాదాని కదా చేసుకున్నట్టే: "సెడప్, కన్?" అంటే బాగుంది కదా.

ఇంటి ఓనర్ వాట్సాప్‌లో పెట్టే మెసేజ్‌లు ఏ నిఘంటువుకీ అందవు. అక్కడ "తక్" బదులు ఇంగ్లిష్ అక్షరం ఎక్స్ ఒక్కటే రాస్తారు. ఎక్స్, పి, ఇ అంటే పర్లేదు. ఎక్స్, డి, ఇ అంటే లేదు. బి, ఎల్, ఎమ్ అంటే బెలుమ్, జె, జి, ఎన్ అంటే జంగన్. అద్దె ఒకరోజు ఆలస్యమవుతుందని చెప్పినప్పుడు మొదటిది వస్తే నిశ్చింతగా ఉండొచ్చు.